పువ్వు వేసిన చోట

12 జూన్ 2008, గురువారం

బడులు తెరిచారు. ఎదురింటి పిల్లలు కొత్త బ్యాగులు తగిలించుకుని పోతుంటే శ్యామల లేచి వీధి తలుపు వేసేసింది. పట్టపగలు తలుపు వేసుకున్న ఇంట్లో భార్యాభర్తలం చెరో గోడకు ఆనుకుని కూర్చున్నాం.

ఇది నేను పెళ్లిళ్ల బుకింగులు రాసుకునే డైరీ. ఈ ఏడు మూఢం వచ్చింది, దాని తోక పట్టుకుని ఆషాఢం. శ్రావణం దాకా టేకులపల్లి మండలంలో బాజా మోగదు. పేజీలన్నీ ఖాళీ. పెళ్లి వీడియోలు తీసేవాడికి ఇంత తీరిక అచ్చిరాదు.

మధ్యాహ్నం శ్యామల ఒకటి అడిగింది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె నన్ను ఏదైనా కావాలని అడగడం ఇదే మొదలు.

“అరుణ ఎట్ల నడిచేదో యాదికొస్తలేదు” అన్నది. “మొకం యాదికున్నది. గొంతు కొంచెం యాదికున్నది. నడక పోయింది. నీ పెళ్లి క్యాసెట్లల్ల ఉంటది గదా, జర తీసి చూపెట్టు.”

చూపెడతానన్నాను.

13 జూన్

అరుణశ్రీ. ఆ పేరు రాసి చాలా రోజులైంది, చెయ్యి మరిచిపోకూడదని రాశాను. పేరు పెట్టింది మా నాన్న మొండయ్య. ముప్పై ఏళ్లు ఇల్లెందు బావుల్లో చీకట్లో బొగ్గు తవ్విన మనిషి, మనవరాలికి పొద్దుపొడుపు పేరే కావాలన్నాడు. ఆ మరుసటి ఏడు ఆయన పోయాడు. పోయిన అక్టోబరు పదకొండున పిల్ల పోయింది. ఐదు రోజుల జ్వరం. కొత్తగూడెం తీసుకుపోతుంటే దారిలోనే. ఎనిమిదో ఏడు నడుస్తోంది.

ఇంట్లో ఫొటోలున్నాయి. బడికి ఇచ్చినవి, రేషన్ కార్డుకు తీసినవి. అన్నిట్లోనూ చేతులు కట్టుకుని బిగుసుకుని నిలబడింది. కదలొద్దని చెప్పింది నేనే. ఇన్ని ఊళ్లలో ఇన్ని పెళ్లిళ్లు తీసినవాణ్ని, సొంత బిడ్డ మీద ఐదు నిమిషాలు కెమెరా పెట్టలేదు. పుట్టినరోజుకు తీద్దామనుకుంటే ఆ రోజే ఎవరిదో ముహూర్తం. దీపం కింద చీకటి అంటారు. మా ఇంట్లో వెయ్యి వాట్ల దీపం ఉంది కాబట్టి చీకటి కూడా ఆ లెక్కనే ఉంది.

అయితే సెలవుల్లో నా వెంట పెళ్లిళ్లకు వచ్చేది. బ్యాటరీ సంచీ భుజాన వేసుకుని జనంలో తిరిగేది. శ్యామల ఆశంతా అదే. ఊరివాళ్ల వీడియోల్లో ఎక్కడో ఒకచోట మా పిల్ల పడి ఉంటుందని.

ఉంటుంది. ఎక్కడో ఒకచోట.

16 జూన్

క్యాసెట్ల డబ్బా దించి చూపించాను. మొత్తం ముప్పై ఒకటి. ఒక్కో క్యాసెట్ మీద చీటీ, చీటీ మీద ఐదారు ఊళ్ల పేర్లు, ఆఖరిది తప్ప అన్నీ కొట్టేసి ఉన్నాయి. మా పని తీరు అంతే. ఒక పెళ్లి తీయడం, కంప్యూటర్లో మిక్సింగ్ చేసి సీడీలు ఇవ్వడం, అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీయడం. క్యాసెట్ల మీదివి ఎప్పుడో చెరిగిపోయాయని శ్యామలకు చెప్పాను.

ఆమె చీటీల మీది ఊళ్ల పేర్లు చదువుకుంటూ కూర్చుంది. బోడు, సులానగర్, దమ్మపేట, వైరా. “వాళ్ల ఇండ్లల్ల సీడీలుంటయి గదా” అన్నది. “నేను పోయి అడిగి తెస్త. నువ్వు కాపీ చేసుకొని ఇచ్చేయి.”

అన్ని సీడీలు పెట్టుకోవడానికి నా మిక్సింగ్ కంప్యూటర్లో చోటు లేదని అన్నాను. అది నిజమే. నిజం కాబట్టే గభాలున నోటికి వచ్చింది.

22 జూన్, ఆదివారం

ఇల్లెందులో జానీ తన నెట్ సెంటర్ మూసేస్తున్నాడు. జానీ అంటే నా కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా దాని నాడి పట్టుకునేవాడు. ఇప్పుడు సెల్ రీచార్జి షాపు పెడతాడట. వెనక గదిలో తొమ్మిది పాత కంప్యూటర్లు కుప్ప పోసి ఉన్నాయి. ఒక్కటీ పూర్తిగా బతికి లేదు, ఒక్కటీ పూర్తిగా చావలేదు.

వందల సీడీలు ఒకేచోట పెట్టుకోవాలి, ఇంట్లో టీవీలో ఏది కావాలంటే అది తెరిచి చూడాలి అన్నాను. ఎందుకని అడగలేదు. అరుణను మట్టి చేసిన రోజు అతను మా పక్కనే ఉన్నాడు.

“నువ్వు అడిగేది సర్వర్ గోపాలన్నా” అన్నాడు. “గీ తొమ్మిదింటిని ఇప్పి ఒకటి చేద్దాం.”

ఆటోలో వేసుకుని తెచ్చాం. సులానగర్ దాటాక వాన.

25 జూన్

బోర్డుల్లో ఒకటి పనికొచ్చింది. దాని మీది చిన్న బ్యాటరీ మార్చాక తేదీ అడిగింది, ఇచ్చాను. తొమ్మిది హార్డ్ డిస్కుల్లో ఎనిమిది తిరుగుతున్నాయి, తొమ్మిదోది గొణుగుతోంది. బోర్డుకు నాలుగే డిస్కులు పెట్టొచ్చు, ఇంకో నాలుగింటికి జానీ ఒక కార్డు సంపాదించాడు. కరెంటు పెట్టె ఫ్యాన్‌లో ఏదో పురుగు గూడు కట్టుకుంది.

ర్యామ్ కాళ్లు మసిబారితే రబ్బరుతో రుద్దుతాం, అది మాకు అలవాటైన వైద్యం. చేతికందిన రబ్బరు తీసి రుద్దుతున్నాను. శ్యామల వచ్చి నా చేతిలోంచి రబ్బరు తీసుకుంది. అది అరుణ కంపాస్ పెట్టెలోది. ఒక మూల కొరికి ఉంది. దులిపి కొంగున ముడేసుకుని వెళ్లి పాత చీర గుడ్డ తెచ్చి ఇచ్చింది.

28 జూన్

ఎనిమిది డిస్కులు ఏ డబ్బాలోనూ పట్టవు. నాన్న బావి నుంచి తెచ్చిన చెక్కపెట్టె ఒకటుంది, అందులో అరుణ బొమ్మలు ఉండేవి. నేను దాని వంక చూశానంతే. శ్యామల బొమ్మలన్నీ తీసి సంచిలో కట్టి పెట్టె ఖాళీ చేసి నా ముందు పెట్టింది.

“దాని కోసమే గదా” అన్నది.

పెట్టెకు గాలి కోసం రంధ్రాలు చేస్తుంటే రెండు పక్కకు పోయాయి.

1 జూలై

డిస్కులన్నీ కలిపి ఒకే గదిలా చేయమన్నాను. శ్యామల ఏ డిస్కులో ఏముందో వెతుక్కోకూడదు, తెరవగానే ఊళ్ల పేర్లు కనబడాలి. జానీ వద్దన్నాడు. ఎనిమిదింటినీ కలిపి ఒకటి చేస్తే ఒక్కటి పోయినా అన్నీ పోతాయట. అంత కష్టపడి చేసుకుంటున్నావు, రెండో కాపీ పెట్టుకోమన్నాడు. చోటు సగానికి తగ్గుతుందని నేను ఒప్పుకోలేదు. నాకు పెద్ద పెట్టె కావాలి. ఎంత పెద్దదైతే అంత మంచిది, నిండడానికి అన్ని రోజులు పడుతుంది.

ఈ ఆఖరి ముక్క జానీతో అనలేదు.

2 జూలై

పెట్టె లేచింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చాలాసేపు పరుగెత్తి ఆగాయి. ఎనిమిది డిస్కులు ఒకేసారి తిరిగితే పిండిమర గుర్తొచ్చింది. టీవీ కింద ఇంకో పాత కంప్యూటర్ పెట్టి వైరు లాగాం.

శ్యామల పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసింది. జ్వరం చూసినట్టే పెట్టింది, తర్వాత చెయ్యి తిప్పి వెనకవైపుతో కూడా చూసింది. “గింత ఏడేంది?” అంది. ఫ్యాన్ ఇంకోటి బిగించాను.

6 జూలై, ఆదివారం

శ్యామల బోడు నుంచి పద్నాలుగు పెళ్లిళ్ల సీడీలు తెచ్చింది. ఎండన పడి ఇల్లిల్లూ తిరిగిందట. జనం మంచివాళ్లు, మజ్జిగ ఇచ్చి మరీ సీడీలు ఇచ్చారట. ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూడలేక దొడ్లోకి వెళ్లి కూర్చున్నాను.

ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

ఆ సీడీల్లో అరుణ లేదు. ఏ సీడీలోనూ లేదు. నేనే తీసేశాను.

ఐదేళ్ల కిందట వైరాలో ఒక పెళ్లి. పెళ్లికొడుకు తండ్రి వెంకటేశ్వరరావు గారని, మాట మెత్తగా ఉంటూనే కోసే మనిషి. సీడీ చూసి నన్ను పిలిపించాడు. అప్పుడు అరుణకు మూడేళ్లు, నా వెంట తీసుకెళ్లాను. తలంబ్రాల దగ్గర బియ్యం ఏరుకుంటూ నాలుగుచోట్ల పడింది. “ఏవయ్యా, ఇది మా వాడి పెళ్లా, మీ అమ్మాయి పుట్టినరోజా?” అన్నాడు. నలుగురు నవ్వారు. మొత్తం మళ్లీ మిక్సింగ్ చేసి ఇచ్చాను.

అప్పటి నుంచీ పిల్ల ఎక్కడ పడితే అక్కడ కత్తిరించాను. కత్తిరించినచోట అతుకు తెలియకుండా ఎఫెక్టులు వేస్తాం. గుండె బొమ్మ, పావురాలు, పేజీ తిరగడం, గులాబీ విచ్చుకోవడం. అరుణను తీసేసినచోట గులాబీ వేసేవాణ్ని. ఎందుకంటే అది ఆ పిల్లకు ఇష్టం. మిక్సింగ్ చేస్తుంటే నా పక్కన స్టూలు మీద కూర్చుని ఇంకో పువ్వు వెయ్యి డాడీ అని మారాం చేసేది. నేను తననే తీసేస్తూ తనను సంతోషపెట్టేవాణ్ని. నా అంత పనిమంతుడు ఈ చుట్టుపక్కల లేడు. అతుకు ఎక్కడుందో ఎవడూ పట్టుకోలేడని ఖమ్మం మిక్సింగ్ వాళ్ల దగ్గర కూడా గొప్పలు పోయాను.

శ్యామలకు రేపు చెబుతాను.

7 జూలై

చెప్పలేదు.

8 జూలై

కరెంటు లేదు. చెప్పలేదు. ఈ రెంటికీ సంబంధం లేదని తెలుసు.

19 జూలై

పెట్టెలో నలభై రెండు పెళ్లిళ్లు. శ్యామల వంట తొందరగా ముగించుకుని టీవీ ముందు కూర్చుంటుంది. బాణాల మీటలు నొక్కి ఊరు తెరవడం, వెనక్కి తిప్పడం నేర్చుకుంది. పెళ్లికూతుర్ని చూడదు, పెళ్లికొడుకును చూడదు. తెర అంచులు చూస్తుంది. బల్లల కింద చూస్తుంది. ఎవరిదో చిన్న చెయ్యి కనబడితే ఆపి, దగ్గరికి పోయి, కాదని తెలుసుకుని మళ్లీ వచ్చి కూర్చుంటుంది. చూడ్డం అయిపోయిన ఊరికి కాగితం మీద చిన్న సున్నా పెడుతుంది.

నేను పక్కన కూర్చుని వైర్లు సర్దుతున్నట్టు నటిస్తాను. ఆ వైర్లు ఎప్పుడో సర్దేశాను.

ఒక్కటైనా తప్పిపోయి ఉండకపోతుందా అనుకుంటాను. నేనూ మనిషినే, ఎక్కడో ఒకచోట ఏమరుపాటున వదిలేసి ఉండకపోతానా. నా పనితనం మీద నాకు ఇంత అపనమ్మకం కావాలని ఎన్నడూ కోరుకోలేదు.

30 జూలై

అరవై ఏడు. సున్నాలు అరవై ఏడు.

17 ఆగస్టు, ఆదివారం

శ్రావణం వచ్చింది, ముహూర్తాలు వచ్చాయి. ఇవాళ కారుకొండ దగ్గర పెళ్లి. అప్పగింతలప్పుడు ఎవరిదో చిన్నపిల్ల లడ్డూ తింటూ కెమెరా ముందుకొచ్చింది. నేను అనుకోకముందే నా చేయి కెమెరాను పక్కకు తిప్పేసింది. తిప్పిన తర్వాత కళ్లు మసకబారి ఫోకస్ దొరకలేదు. పెళ్లికూతురి ఏడుపు చూసి నేనూ ఏడుస్తున్నాననుకుని ఆమె మేనమామ నా భుజం తట్టాడు.

24 ఆగస్టు, ఆదివారం

శ్యామలతో కలిసి తండాకు వెళ్లాను. సోమ్లి వాళ్ల ఇంటికి. పోయినేడు మేలో ఆమె బిడ్డ పెళ్లి నేనే తీశాను, అరుణ నాతో వచ్చింది. అదే ఆ పిల్ల వచ్చిన ఆఖరి పెళ్లి. అక్కడికి వద్దని ఇన్నాళ్లూ ఏదో సాకు చెప్పాను. ఇవాళ సాకులు అయిపోయాయి.

సోమ్లి శ్యామలను పట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయిపోయాక నవ్వుతూ చెప్పింది. “నీ బిడ్డ మా ఆడోళ్లతోని ఎంత ఆడింది అక్కా. నా ఓణీ కప్పుకొని నడుమల జొచ్చింది. వద్దంటే ఇంటదా? అన్న కెమెరా పట్టుకొని గాడనే నిలబడ్డడు. అంత క్యాసెట్ల ఉంటది.”

తిరిగి వచ్చేటప్పుడు శ్యామల సీడీని రవికలో దాచుకుంది, బస్సులో గీతలు పడతాయని.

25 ఆగస్టు

ఇవాళ ఏమీ రాయలేను.

26 ఆగస్టు

రాయాలి. రాయకపోతే దీన్ని కూడా కత్తిరించినట్టే.

నిన్న పొద్దున్నే సోమ్లి ఇంటి సీడీ పెట్టెలోకి ఎక్కించాను. శ్యామల తలకు పోసుకుని వచ్చి కూర్చుంది. తండా ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నారు. ఎర్ర ఓణీ అంచు ఒకటి తెర మూలకు వచ్చింది. వచ్చిందో లేదో గులాబీ విచ్చుకుంది. పువ్వు పోయాక ఆడవాళ్లు ఇంకోవైపున ఉన్నారు.

శ్యామల వెనక్కి తిప్పింది. మళ్లీ గులాబీ. మళ్లీ వెనక్కి. ఆ ఒక్క ఆటలో గులాబీ ఆరుసార్లు వచ్చింది.

ఆ తర్వాత ఆమె తన సున్నాల కాగితం తీసుకుని పాత ఊళ్లు మళ్లీ తెరవడం మొదలుపెట్టింది. బడి ఉన్న రోజుల్లో జరిగిన పెళ్లిళ్లలో పువ్వు లేదు, పావురాలే ఉన్నాయి. సెలవుల్లో పెళ్లిళ్లలో పువ్వు ఉంది. బోడులో మూడు. సులానగర్‌లో ఐదు. మధ్యాహ్నం దాకా చూసింది. మిక్సింగ్ వాళ్లెవరూ పట్టుకోలేని అతుకు నా భార్య పట్టుకుంది.

“గీ పువ్వు కాడ అరుణ ఉండె” అన్నది. అడగలేదు, చెప్పింది.

అవునన్నాను. వైరా సంగతి చెప్పాను. పని పోతుందని భయపడ్డానని చెప్పాను. అన్నీ చెప్పాను. ఆమె సాంతం విన్నది.

“నువ్వు తీసేసినందుకు గాదు” అన్నది చివరికి. “పెండ్లి పార్టీలు ఊకోరు, గది నాకెరుకే. లేదని తెలిసి నాతోని ఎతికిచ్చినవ్. రెండు నెల్లు. దాని పెట్టెల బొమ్మలు తీసి నీకిస్తి గదా, అప్పుడన్న చెప్పొద్దా?”

పెట్టె తిరుగుతూనే ఉంది.

27 ఆగస్టు

శ్యామల దమ్మపేటకు, వాళ్ల అమ్మగారింటికి వెళ్లింది. బస్సు దాకా వెళ్లాను. బొమ్మల సంచి వెంట తీసుకెళ్లింది.

5 సెప్టెంబరు

ఫోన్ చేస్తే వాళ్లమ్మ జంపక్క ఎత్తుతుంది. తిన్నదా అంటే తిన్నదంటుంది. ఎప్పుడొస్తుందంటే నన్నెందుకు అడుగుతావు బిడ్డా అంటుంది.

9 సెప్టెంబరు

మూడో డిస్కు టిక్కుటిక్కుమంటోంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక మరి లేవలేదు. ఒక్కటి పోయింది, జానీ అన్నట్టే అన్నీ పోయాయి. అరవై ఎనిమిది పెళ్లిళ్లు. బోడు లేదు, సులానగర్ లేదు. తెర మీద ఏ ఊరూ లేదు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పోయినదాంట్లో ఏముందని. నా పువ్వులేగా.

13 సెప్టెంబరు

జానీ వచ్చాడు. ముందే చెప్పిన గదా అని తిట్టలేదు, అది అతని మంచితనం. మూడోది చచ్చింది, తక్కిన వాటినైనా చూద్దామని వాటిలో పాతవి వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాడు. గంటల తరబడి నడిచింది. మా పెళ్లిళ్లు రాలేదు గానీ నెట్ సెంటర్ నాటి ఫొటోలు బయటపడ్డాయి. ఎవరో పిల్లగాడు బైక్ మీద, ఎవరిదో హాల్ టికెట్. రెండేళ్ల కిందటివి.

ఇవెలా ఉన్నాయని అడిగాను. డిస్కులన్నీ తుడిచాకే కదా పెట్టింది.

“తుడిచినా పోవన్నా” అన్నాడు. “మీదంగ కొత్తది పడితేనే పాతది పోతది. పడని కాడ గట్లనే ఉంటది.”

టీ తాగి వెళ్లిపోయాడు. నేను ఆ మాట దగ్గరే ఉండిపోయాను. క్యాసెట్ కూడా అంతే కదా. రెండో పెళ్లి మొదటి పెళ్లికన్నా పొట్టిదైతే, చివర పడని చోట పాతది అలాగే ఉంటుంది. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని. జూన్‌లో క్యాసెట్ల డబ్బా ఆమె ముందు పెట్టి చెరిగిపోయాయని చెప్పింది నేనే. అబద్ధమని తెలిసి చెప్పిన మాట కాదు. అయినా ఒక్క క్యాసెట్ చివరిదాకా నడిపి చూడలేదు. ఆ రోజు నాకు వెతకడం ఇష్టం లేదు.

15 సెప్టెంబరు

కెమెరా హెడ్ అరిగిపోయింది, క్యాసెట్ పెడితే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతోంది. శుభ్రం చేసి మొదలుపెట్టాను. ఒక్కొక్కదాన్నీ ఒక్కసారే నడపాలి, నడుపుతూనే మిక్సింగ్ కంప్యూటర్లోకి తీసుకోవాలి. ఈసారి పెట్టె నిజంగానే అవసరం. బాగున్న డిస్కుల్ని దేనికది విడిగా పెట్టాను, కలపలేదు. ఖాళీ అయిన మూడో దాని చోట గొణిగే తొమ్మిదోదాన్ని బిగించాను. గొణిగినా పనిచేస్తోంది.

1 నుంచి 4: ఏమీ లేదు.

18 సెప్టెంబరు

5 నుంచి 11. ఏడో దాని చివర ఎవరిదో అప్పగింత, రెండు నిమిషాలు. పిల్ల లేదు. పదో దాని చివర ఉట్టి నీలం తెర.

22 సెప్టెంబరు

12 నుంచి 19. పదహారో దాంట్లో భోజనాల బంతి. ఆకుల వరస చివర ఒక చిన్న చెయ్యి అప్పడం అడుగుతోంది. గాజులు ఎర్రవి. అరుణవి ఎర్రవే. మండలంలో ఉన్న ఆడపిల్లలందరివీ ఎర్రవే. ముఖం రాకముందే క్యాసెట్ అయిపోయింది.

దాన్ని దాచాను. కాకపోయినా దాచాను.

29 సెప్టెంబరు

20 నుంచి 26. లేదు.

2 అక్టోబరు

ఇరవై ఏడు.

చీటీ మీద ఆఖరి పేరు ఒక ఓణీల ఫంక్షన్, నలభై నిమిషాలే తీశాను. దాని కింద కొట్టేసిన పేరు సోమ్లి తండా.

ఫంక్షన్ అయిపోయింది. నీలం తెర వచ్చింది. ఆపబోతుంటే మట్టిరోడ్డు వచ్చింది.

దిక్కుమాలిన తప్పు అది, కెమెరా పట్టినవాళ్లందరం ఎప్పుడో ఒకప్పుడు చేస్తాం. తీయడం అయిపోయాక బటన్ ఆపడం మరిచి, కెమెరాను చేతికి వేలాడేసుకుని నడుస్తాం. అది నేలను తీస్తూ పోతుంది. తండా నుంచి బస్సు రోడ్డు దాకా నడిచిన దారి అది. మిక్సింగప్పుడు చూసే ఉంటాను, వేస్టని వదిలేసి ఉంటాను. అందుకే కత్తిరించలేదు. అందుకే ఉంది.

ముఖం లేదు. మోకాళ్ల కింద నుంచి పాదాలు, నీలం చెప్పులు. నాలుగు నిమిషాల పది సెకన్లు. మాటలు కూడా ఉన్నాయి.

అవి ఇక్కడ రాయను. శ్యామల వినాలి ముందు.

3 అక్టోబరు

ఫోన్ చేశాను. ఈసారి జంపక్క పక్కకు జరిగినట్టుంది, అవతల శ్యామల ఊపిరి వినబడింది. ఏమి దొరికిందో చెప్పలేదు. దొరకదని తెలిసి రెండు నెలలు ఆశపెట్టినవాణ్ని, దొరికిందని ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. వీలైతే పదకొండు లోపల రమ్మన్నాను. వస్తాననలేదు, ఫోన్ పెట్టేయనూ లేదు.

7 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. ఇంటి ముందు నుంచి ఆడవాళ్లు పాడుకుంటూ వెళ్లారు. మా గుమ్మం ముందు గొంతులు తగ్గించారు.

11 అక్టోబరు, శనివారం

ఉదయం పదింటి బస్సుకు శ్యామల వచ్చింది. బొమ్మల సంచి తెచ్చింది. ముందు దీపం పెట్టుకుంది, అరుణ ఫొటోకు బొట్టు పెట్టింది, అన్నం వండి ఫొటో ముందు పెట్టింది. ఆ తర్వాత టీవీ ముందు కూర్చుని, పెట్టు అన్నది. ఏమి దొరికిందని ఆమె అడగలేదు.

పెట్టాను.

మట్టిరోడ్డు ఊగుతూ వస్తుంది. నా చెప్పులు ముందు, వాటి వెనక నీలం చెప్పులు. అరుణ కుడికాలు మామూలుగానే వేస్తుంది, ఎడమ చెప్పు మాత్రం మడమ దగ్గర వదిలేసి ఈడుస్తుంది. రెండు అడుగులు నడక, ఒక చిన్న గంతు. మళ్లీ రెండు అడుగులు, గంతు. శ్యామల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మాటలు.

“డాడీ, ఈసారి నేను పడ్డనా?”

“పడ్డవ్ పడ్డవ్. నడువు, బస్సు పోతది.” ఇది నేను.

“పోయినసారి గూడ పడ్డవన్నవ్. నేను నిలబడ్డ కాడ పువ్వొచ్చింది.”

చెప్పుల చప్పుడు.

“డాడీ, ఈసారి నా మీద పువ్వు వెయ్యవు గదా?”

“వెయ్య బిడ్డా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

రెండు అడుగులు, గంతు. బస్సు హారన్ వినబడుతుంది, నీలం చెప్పులు పరుగెత్తి తెర దాటిపోతాయి. ఆ తర్వాత ఉట్టి రోడ్డు.

ఆ పిల్లకు తెలుసు. నా పక్కన స్టూలు మీద కూర్చుని పువ్వు వెయ్యి డాడీ అన్న పిల్లకు, ఏదో ఒకనాడు ఆ పువ్వు ఎక్కడ పడుతోందో తెలిసింది. నన్ను ఏడిపించకుండా అడిగింది. ఒట్టేసి వచ్చి, ఆ వారంలోనే సోమ్లి బిడ్డ పెళ్లిలో ఆరు పువ్వులు వేశాను. ఐదు నెలలకు ఆ పిల్ల పోయింది. ఇప్పుడు ఎన్ని రాసినా అది చెరగదు.

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. శ్యామల నా వైపు చూడలేదు. తనే మీట నొక్కి మళ్లీ పెట్టుకుంది, ఇంకోసారి పెట్టుకుంది. నాలుగోసారి లేచి నిలబడి, తెర మీద చెప్పులతో పాటు గదిలో అటు నుంచి ఇటు నడిచింది. ఎడమకాలు కొంచెం ఈడ్చి, రెండు అడుగులు, ఒక గంతు. నలభై ఏళ్లకు దగ్గరైన మనిషి, జుట్టు ముడి ఊడిపోయి, గోడ దాకా నడిచి వెళ్లి అక్కడ ఆగింది.

“గిదే” అన్నది. “గిట్లనే నడిచేది.”

తర్వాత ఇది ఏ డిస్కులో ఉందని అడిగింది. అన్నిట్లోనూ ఉందన్నాను. ఎనిమిది డిస్కుల్లో ఎనిమిది కాపీలు, వేరే ఇంకేమీ లేదు, ఒకటి పోయినా ఏడు ఉంటాయి. పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. వేడిగా లేదు. బొమ్మల సంచి తెచ్చి ఆ పెట్టె పక్కనే పెట్టింది.

నేను ఎప్పటి అలవాటు కొద్దీ, మొదట్లో నీలం తెర ఉంది, చివర ఉట్టి రోడ్డు ఉంది, అవి తీసేసి కొంచెం శుభ్రం చేస్తానన్నాను.

“చెయ్యకు” అన్నది శ్యామల. “దానికి ఒట్టేసినవ్ గదా. గీ ఒక్కదాంట్ల నిలబెట్టుకో.”